మొదటి పేరా దగ్గరే పెన్ను ఆగిపోతుంటే: గ్రూప్-1 జనరల్ ఎస్సే రాసేవాళ్లకు తోటి అభ్యర్థి చెప్పే పద్ధతి

నా మొదటి మాక్ టెస్టులో ఒక్క ఉపోద్ఘాతానికే ముప్పై ఎనిమిది నిమిషాలు పట్టింది. అంతసేపూ కూర్చుని రాసింది పదకొండు లైన్లు, అందులో నాలుగు కొట్టివేతలు. మూడో వ్యాసం రెండో పేజీలో ఉండగానే బెల్లు మోగింది. పేపర్ దిద్దిన సార్ మొదటి వ్యాసం కింద ఎర్ర ఇంకుతో ఒకే ముక్క రాశారు: "ఉపోద్ఘాతం బాగుంది. వ్యాసం ఎక్కడ?"

ఆ సాయంత్రం హైదరాబాద్ అశోక్‌నగర్‌లో రూముకు నడిచి వెళ్తూ లెక్క వేసుకున్నాను. మూడు టాపిక్‌లూ నేను చదివినవే. నోట్సు కూడా ఉంది. మొదలుపెట్టడం చేతకాకే మునిగాను. ఆ తర్వాత ఏడాదిన్నరలో వంద పైచిలుకు ఉపోద్ఘాతాలు రాశాను. చాలావరకు చెత్తే. ఆ చెత్తలోంచి మిగిలిన పద్ధతి ఇది. తెలంగాణ గ్రూప్-1 మెయిన్స్‌ని మనసులో పెట్టుకుని రాస్తున్నాను కానీ, సివిల్స్ ఎస్సే పేపర్ రాసేవాళ్లకూ చాలా భాగం పనికొస్తుంది.

మొదటి అడుగు: చేతి వేగం కొలుచుకోండి

జనరల్ ఎస్సే పేపర్ 150 మార్కులకు, మూడు గంటలు. మూడు విభాగాల్లో ఒక్కోదాంట్లోంచి ఒక వ్యాసం, ఒక్కోటి 50 మార్కులు, సుమారు వెయ్యి పదాలు. మొదటి విభాగంలో సామాజిక సమస్యలు, ఆర్థికాభివృద్ధి, న్యాయం వస్తాయి. రెండోది రాజకీయాలు, చారిత్రక సాంస్కృతిక వారసత్వం. మూడోది సైన్స్ అండ్ టెక్నాలజీ, విద్య, మానవ వనరులు. సివిల్స్‌లో ఇదే మూడు గంటల్లో 250 మార్కులకు రెండు వ్యాసాలు రాయాలి.

అంటే మనకు వ్యాసానికి గంట. మీకు బాగా తెలిసిన టాపిక్ ఒకటి తీసుకుని, ఆగకుండా పది నిమిషాలు రాసి, పదాలు లెక్కపెట్టండి. నాది నిమిషానికి 22 వచ్చింది. వెయ్యి పదాలకు దాదాపు 45 నిమిషాలు. ఆలోచించడానికి, చదువుకోవడానికి మిగిలేది పావుగంట. ఉపోద్ఘాతం వంద పదాలనుకుంటే అది ఐదు నిమిషాల చేతిపని. ఐదు నిమిషాల పనికి ముప్పై ఎనిమిది నిమిషాలు పెట్టానని కాగితం మీద చూసుకున్నాకే నాకు సిగ్గేసింది, ఆ వెంటనే కాస్త ధైర్యం కూడా వచ్చింది. పని ఎంత చిన్నదో తెలిసింది కదా.

తెలుగు మీడియం వాళ్లకు ఒక మాట. ఇంగ్లిష్‌లో మూడు నాలుగు పదాలు పట్టేది మనకు 'చేయాల్సివచ్చింది' అనే ఒక్క పదంలో ఇమిడిపోతుంది. అందుకని హాల్లో పదాలు లెక్కపెడుతూ కూర్చోకండి. మీ చేతిరాతలో పేజీకి ఎన్ని పదాలు పడతాయో ఇంట్లోనే ఒకసారి చూసుకుని, అక్కణ్నుంచి పేజీల్లోనే ఆలోచించండి. నాకు పేజీకి 110 పడతాయి. ఉపోద్ఘాతం ఒక పేజీ దాటిందంటే ఎక్కడో సోది చెబుతున్నానని గుర్తు.

రెండో అడుగు: రూమ్మేట్ వాక్యం

టాపిక్ చదవగానే పెన్ను కదిలించకండి. పక్క మంచం మీద పడుకున్న రూమ్మేట్ "ఏంటట ప్రశ్న? నువ్వేమంటావ్?" అని అడిగితే ఒక్క వాక్యంలో ఏం చెబుతారో అది రాసుకోండి. గ్రాంథికం వద్దు, నోట్సు భాష వద్దు, నోటితో అనేదే రాయండి.

నేను సాధన చేసిన టాపిక్ ఒకటి: 'పట్టణ వరదలు ప్రకృతి వైపరీత్యమా, ప్రణాళికా లోపమా?' నా రూమ్మేట్ వాక్యం: "వాన గట్టిగానే పడింది గానీ, నీళ్లు పోయే దారిలో మనమే ఇళ్లు కట్టుకున్నాం." అంతే. వ్యాసమంతా ఈ వాక్యానికి వివరణే. ఇది లేకుండా ఉపోద్ఘాతం మొదలుపెడితే ఎటు వెళ్లాలో తెలియని ఆటో ఎక్కినట్టే. మీటర్ తిరుగుతూ ఉంటుంది.

సివిల్స్‌లో వచ్చే తాత్విక టాపిక్‌లకు ఇది ఇంకా అవసరం. 2022లో ఓడ రేవులో ఉంటే క్షేమమే కానీ ఓడ ఉన్నది అందుకు కాదు అనే అర్థంలో ఒక టాపిక్ ఇచ్చారు. నా స్నేహితుడు మొదటి పేరా అంతా సముద్రం, కెరటాలు, నావికులు అని వర్ణించాడట. ఓడ అంటే ఎవరు, రేవు అంటే ఏమిటి అన్నది తేల్చుకోకపోతే అలాగే అవుతుంది. "డిగ్రీ చేతిలో ఉన్న ఆడపిల్లని ఇంట్లో కూర్చోబెడితే క్షేమంగానే ఉంటుంది, చదివించింది అందుకేనా?" అని ఉంటే ఓడ దానంతట అదే కదిలేది.

మూడో అడుగు: ముందు అస్థిపంజరం, తర్వాత ముఖం

పాయింట్లన్నీ వేసుకున్నాకే ఉపోద్ఘాతం రాయండి. చేత్తో రాసే పరీక్షలో వెనక్కి వెళ్లి ముందు పేజీ నింపడం కుదరదు కాబట్టి, రఫ్‌గా పాయింట్లు వేసుకోవడానికి ఎనిమిది నిమిషాలు కేటాయించండి. రఫ్ పని ఎక్కడ చేయవచ్చో బుక్‌లెట్ మొదటి పేజీలో సూచనలు ఉంటాయి, అవి చదివి అక్కడే చేయండి.

వరదల టాపిక్‌కి నా పాయింట్లు ఇలా పడ్డాయి: కాకతీయుల నాటి నుంచి వచ్చిన గొలుసుకట్టు చెరువులు, 1908 మూసీ వరద, ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్, ఆ జలాశయాల పరీవాహక ప్రాంతం కోసం 1996లో వచ్చిన జీవో 111, ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్లు నిలిచే హద్దు), బఫర్ జోన్ (ఆ హద్దు చుట్టూ కట్టడాలు కట్టకూడని జాగా) గొడవలు, నాలాల కబ్జా, 2020 అక్టోబరు వరద, ఏం చేయాలి. ఇప్పుడు ఈ వరుస మీద వేలు పెట్టి అడగాలి: వీటిలో కళ్లకు కట్టేది ఏది? చదివేవాడు చెయ్యి పెట్టి తాకగలిగేది ఏది? దాన్ని నేను గింజ అంటాను. మిగతా పాయింట్లు దానిలోంచి మొలకెత్తాలి.

నాలుగో అడుగు: మూడు ప్రతులు

నేను రాసిన మూడు ప్రతుల్నీ దాచకుండా చూపిస్తాను.

మొదటిది: "నేటి ఆధునిక యుగంలో పట్టణీకరణ శరవేగంగా సాగుతోంది. అభివృద్ధి నాణేనికి ఒక వైపు అయితే, వరదలు మరో వైపు. ప్రకృతిని మనం కాపాడితే ప్రకృతి మనల్ని కాపాడుతుంది."

ఇందులో 'వరదలు' తీసేసి 'కాలుష్యం' పెట్టండి. సరిపోయింది. 'నిరుద్యోగం' పెట్టండి. కొంచెం సర్దితే అదీ సరిపోతుంది. ఏ టాపిక్‌కైనా అతికే పేరా ఏ టాపిక్‌దీ కాదు. దీనికి నేను మార్పిడి పరీక్ష అని పేరు పెట్టుకున్నాను. నా పాత పేపర్లన్నీ తీసి ఈ పరీక్ష పెడితే సగానికి పైగా ఫెయిలయ్యాయి.

రెండోది: "1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి హైదరాబాద్‌ను ముంచెత్తింది. అఫ్జల్‌గంజ్ దగ్గర నేటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణాలు దక్కించుకున్నారని చెబుతారు. తర్వాత నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా తీసుకుంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తయ్యాయి."

విషయం ఉంది, బొమ్మ ఉంది. కానీ ఇది చరిత్ర పేపర్‌కి జవాబు. వైపరీత్యమా, లోపమా అన్న ప్రశ్నను అసలు తాకలేదు. దిద్దేవాళ్లకు "అయితే ఏంటి?" అనిపిస్తుంది.

మూడోది: "1908 మూసీ వరదలో చింతచెట్టు ఎక్కి ప్రాణాలు దక్కించుకున్న హైదరాబాద్, ఇరవై ఏళ్లు తిరక్కముందే రెండు జలాశయాలు కట్టుకుంది. 2020 అక్టోబరులో చెరువుల కట్టలు తెగి నీళ్లు కాలనీల మీద పడ్డాయి. వాటిలో కొన్ని ఒకప్పుడు ఆ చెరువుల నీళ్లు పారిన దారులే. అప్పుడు నీళ్లు ఊళ్లోకి వచ్చాయి, ఇప్పుడు ఊరే నీళ్లలోకి వెళ్లింది. ఎంత వాన పడాలో నగరం నిర్ణయించలేదు. పడిన వాన ఎటు పోవాలో నిర్ణయించాల్సింది మాత్రం నగరమే."

చివరి రెండు వాక్యాలు చూడండి, రూమ్మేట్ వాక్యమే చొక్కా ఇస్త్రీ చేసుకుని వచ్చింది. 'ఈ వ్యాసంలో మనం కారణాలు, ప్రభావాలు, పరిష్కారాలు పరిశీలిద్దాం' అని విడిగా రాయక్కర్లేకుండా దారి కనబడుతోంది. విశ్వేశ్వరయ్య పోయాడు, ఒక పేజీ తర్వాత వస్తాడు. ఉన్నదంతా మొదటి పేరాలోనే దింపేయాలన్న తొందర నాకు చాలాకాలం పోలేదు.

గింజలు ఎక్కడ దొరుకుతాయి

నాకు ఎక్కువగా దొరికింది తారీఖుల మధ్య ఖాళీలో. తారీఖులు అందరూ బట్టీ పడతారు, వాటి మధ్య దూరం ఎవరూ కొలవరు. విద్యాహక్కు మీద వ్యాసం అనుకోండి. 86వ రాజ్యాంగ సవరణ 2002లో 21ఎ అధికరణను తెచ్చింది. చట్టం 2009లో వచ్చింది. అమల్లోకి వచ్చింది 2010 ఏప్రిల్ 1న. హక్కు వర్తించేది ఆరు నుంచి పద్నాలుగేళ్ల వరకు. ఇప్పుడు లెక్కేయండి. 2002లో ఆరేళ్లున్న పిల్ల, హక్కు చేతికి అందేసరికి పద్నాలుగుకు దగ్గరపడింది. రాజ్యాంగంలో హక్కు రాసిన రోజుకీ బడి గుమ్మం దగ్గర అది అందిన రోజుకీ మధ్య ఒక బాల్యం గడిచిపోయింది. ఈ నాలుగు అంకెలూ మీ నోట్సులో ఇప్పటికే ఉన్నాయి. కొత్తగా చదవాల్సింది ఏమీ లేదు.

రెండోది మనుషులు. సైన్స్ అండ్ టెక్నాలజీ అనగానే అందరూ చంద్రయాన్-3తో మొదలుపెడతారు. 2023 ఆగస్టు 23, దక్షిణ ధ్రువం, గర్వకారణం. తప్పేం లేదు, కాకపోతే దిద్దేవాళ్ల బల్ల మీద ఆ రోజు అది ఎన్నోసారి దిగుతుందో ఆలోచించండి. టాపిక్ 'సాంకేతికత సామాన్యుడికి అందాలి' లాంటిదైతే నేను చింతకింది మల్లేశం దగ్గర మొదలుపెడతాను. పోచంపల్లి పట్టుచీరకు ఆసు పోయడానికి, అంటే నేతకు ముందు దారాన్ని మేకుల చుట్టూ చుట్టడానికి, చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిప్పీ తిప్పీ తల్లి భుజం పడిపోతుంటే చూడలేక, ఆలేరు ప్రాంతంలో పుట్టిన ఆయన ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో పద్మశ్రీ వచ్చింది. ప్రయోగశాల, పరిశోధన నిధులు, పేటెంట్లు, చేనేత, ఆడవాళ్ల శ్రమ, అన్నీ ఆ భుజం నొప్పిలోంచే బయటికి తీయవచ్చు.

మూడోది మీరు స్వయంగా చూసినది. దీన్ని జాగ్రత్తగా వాడాలి. 'మా ఊళ్లో' అని మొదలుపెట్టి ఆత్మకథలోకి జారిపోవడం తేలిక. రెండు వాక్యాలు దాటనివ్వకండి.

నిర్వచనంతో మొదలుపెట్టడం నాకు నచ్చదు. కొంతమంది సార్లు అదే క్షేమం అంటారు. పరీక్షలో మరీ ఏమీ తోచనప్పుడు తప్ప నేను వాడను.

కొటేషన్ల సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. ఎవరన్నారో తెలియని మాటలన్నీ మన దగ్గర చివరికి గాంధీ ఖాతాలోనో కలాం ఖాతాలోనో పడిపోతుంటాయి. ఖాయంగా తెలియకపోతే వదిలేయండి. అంకెలకూ ఇదే మాట. ఒకసారి విద్యాహక్కు చట్టానికి 2005 అని రాశాను, సమాచార హక్కు చట్టంతో కలగలిపి. మొదటి పేరాలోనే ఎర్ర సున్నా చుట్టారు. నాలుగో పేజీలో తప్పు రాస్తే పొరపాటు అనుకుంటారు, మొదటి లైన్లో రాస్తే మిగతాదంతా అనుమానంతో చదువుతారు.

రాసిన పేరాకి ఆఖరి పరీక్ష ఒకటుంది. టాపిక్ చెప్పకుండా ఎవరికైనా చదివి వినిపించి, "టాపిక్ ఏమై ఉంటుంది? నేను ఏ పక్షం?" అని అడగండి. రెండూ చెప్పగలిగితే పేరా నిలబడినట్టే. నేను మెస్సులో కనిపించిన ప్రతివాళ్లనీ పట్టుకుని వినిపించేదాన్ని. కొన్నాళ్లకు నన్ను చూసి ప్లేటు పట్టుకుని వేరే బల్లకు వెళ్లిపోయేవాళ్లు.

టెన్షన్ గురించి

పద్ధతి అంతా తెలిసినా, తెల్లకాగితం ముందు కూర్చుంటే గుండె దడదడలాడేది. కొన్నాళ్లకు అర్థమైందేమిటంటే, నేను ఉపోద్ఘాతం నుంచి యాభై మార్కులూ అడుగుతున్నాను. మొదటి వాక్యం అద్భుతంగా ఉండాలి, లేకపోతే అంతా పోయినట్టే అన్న లెక్క. పాపం ఒక్క పేరా అంత బరువు ఎలా మోస్తుంది?

దీనికి నాకు బాగా పనిచేసింది కావాలని చెత్త రాయడం. ఇంట్లో టైమర్ పెట్టుకుని, టాపిక్‌కి మూడు ఉపోద్ఘాతాలు, ఒక్కోటి ఐదు నిమిషాలు. మొదటిది ఎంత నాసిరకంగా ఉంటే అంత మంచిది, 'నేటి ఆధునిక యుగంలో' అనే మొదలుపెట్టండి, పర్లేదు. ఆ చెత్త బయటికి పోతే గానీ వెనకాల ఉన్నది రాదు. బోరింగ్ కొడితే ముందు తుప్పు నీళ్లు వస్తాయి కదా, అలాగన్నమాట.

రెండోది భయాల కాగితం. పరీక్షకు ముందు పది నిమిషాలు తమ భయాలను కాగితం మీద పెట్టిన విద్యార్థులు మెరుగ్గా రాశారని 2011లో సైన్స్ పత్రికలో షికాగో విశ్వవిద్యాలయం పరిశోధకుల వ్యాసం ఒకటి వచ్చింది. 2018లో వేరే బృందం అలాంటి ప్రయోగాలు కొన్నిటిని మళ్లీ చేసి చూసినప్పుడు దీనికి అదే ఫలితం రాలేదు. కాబట్టి ఇది మంత్రమేమీ కాదు. నేను మాత్రం చేస్తాను. "ఈసారి కూడా పోతే అమ్మకు ఏం చెప్పాలి" అని రాసి, మడిచి, బయట చెత్తబుట్టలో వేసి లోపలికి వెళ్తాను. పోయేది ఒక కాగితమే.

హాల్లో చేతులు వణికితే పెన్ను కింద పెట్టేయండి. నాలుగు లెక్కపెడుతూ ఊపిరి తీసుకుని, ఏడు లెక్కపెడుతూ వదలండి, ఐదారు సార్లు. నిమిషం పడుతుంది. ఆ నిమిషం వృథా అనిపిస్తుంది గానీ, వణికే చేత్తో రాసి కొట్టేసే నాలుగు లైన్లకు అంతకంటే ఎక్కువే పోతుంది. చేతికి చెమట పట్టేవాళ్లు నూలు చేతిరుమాలు దగ్గర పెట్టుకోండి. నాకు ఇంకు అలికిన పేజీలు ఎన్నో ఉన్నాయి.

అప్పటికీ మొదటి వాక్యం రాకపోతే? దీనికి ముందే ఒక నియమం పెట్టుకోవాలి. నాది ఇది: పాయింట్లు వేశాక రెండు నిమిషాల్లో గింజ దొరకకపోతే రూమ్మేట్ వాక్యాన్నే శుభ్రమైన తెలుగులో రాసి ముందుకు వెళ్లిపోతాను. "పట్టణ వరదలకు వాన ఒక కారణమే. ఆ వాన నీరు పోవాల్సిన దారులను మూసేసిన నిర్ణయాలు అంతకంటే పెద్ద కారణం." మెరుపులేం లేవు. కానీ సూటిగా ఉంది, మూడు నిమిషాల్లో అయిపోయింది, మూడో వ్యాసం బతికింది. దిద్దించుకున్న పేపర్లు చూస్తే, ఇలాంటి సాదా ఉపోద్ఘాతాలకు నాకు మార్కులేమీ తగ్గలేదు. ఈ సంగతి ముందే తెలిసుంటే ఎంత నిద్ర మిగిలేదో.

హాలు బయటి టెన్షన్ వేరే రకం. చిక్కడపల్లి లైబ్రరీ బయట టీ కొట్టు దగ్గర టెస్టు అయిన సాయంత్రం ఒకటే ప్రశ్న: "ఎన్ని పేజీలు నింపావ్?" ఏం రాశావని ఎవరూ అడగరు. నేను టెస్టు రోజుల్లో టీ మానేసి తిన్నగా రూముకు వెళ్లడం మొదలుపెట్టాను. ఇంటి ఫోన్లకు కూడా ఒక ఏర్పాటు చేసుకున్నాను. "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అని అమ్మ అడిగితే "మంచిగనే" అని అబద్ధమాడి రాత్రంతా దాన్ని మోయడం కంటే, "టెస్టు రోజు వద్దమ్మా, మర్నాడు నేనే చేస్త" అని ముందే చెప్పేశాను. ఆమె ఒక రోజు అలిగింది. తర్వాత అలవాటైంది.

ఇవన్నీ మామూలు టెన్షన్‌కి. వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, తిండి సహించకపోయినా, పుస్తకం తెరవగానే ఏడుపు వస్తున్నా, బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, అది రాత పద్ధతులతో పోయేది కాదు. ప్రభుత్వ టెలీ మానస్ నంబరు 14416 ఉంది. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. 'ఇంత చిన్నదానికి ఫోనా' అనుకోకండి.

మూడు వారాల సాధన

మొదటి వారం ఉపోద్ఘాతాలు అసలు రాయకండి. రోజుకు ఐదు టాపిక్‌లు, ఒక్కోదానికి రూమ్మేట్ వాక్యం, రెండు గింజలు. ఇరవై నిమిషాల్లో అయిపోతుంది, మెస్సులో లైన్లో నిలబడి కూడా చేయవచ్చు. రెండో వారం రోజుకు ఒక టాపిక్, మూడు ప్రతులు, మార్పిడి పరీక్ష, సాయంత్రం ఎవరికైనా చదివి వినిపించడం. మూడో వారంలో గంట టైము పెట్టుకుని ఒక్కో పూర్తి వ్యాసం, వారానికి నాలుగు చాలు. రోజుకు మూడు రాస్తానని మొదలుపెట్టినవాళ్లు నాలుగో రోజుకే చెయ్యి పట్టేసి మానేయడం చూశాను, వాళ్లలో నేనూ ఉన్నాను.

ఆ రోజు

పేపర్ చేతికి రాగానే మూడు టాపిక్‌లు ఎంచుకుని, మూడింటికీ రూమ్మేట్ వాక్యాలు ఒకేసారి రాసేస్తాను. ఐదు నిమిషాలు. మొదటి వ్యాసం రాస్తుంటే మూడోదాని గింజ మధ్యలో ఎక్కడో తడుతుంది, రఫ్ పనికిచ్చిన చోట ఒక్క మాట రాసుకుని మళ్లీ పనిలో పడతాను. వాచీ పెట్టుకోవచ్చో లేదో హాల్‌టికెట్ మీద నిబంధనలు చదువుకోండి. కుదరకపోతే పేజీలే గడియారం.

బాగా వచ్చిన టాపిక్‌తో మొదలుపెట్టండి, అయితే దాని మీద మోజుతో గంట దాటనివ్వకండి. మూడోదానికి వచ్చేసరికి బొటనవేలు లాగేస్తూ ఉంటుంది, వేలి పక్కన కాయ కాసిన చోట మంట పుడుతుంది. అప్పుడు నాలుగు వాక్యాలకే ఉపోద్ఘాతం ఆపేసి, రెండు గుక్కలు నీళ్లు తాగి, పెన్ను మార్చి రెండో పేరాలోకి వెళ్లిపోతాను.